కాసిల్టన్ చుట్టూ ఈజీ నడకలు: అమ్మానాన్న వస్తే ఎటు తీసుకెళ్ళాలి?

షెఫీల్డ్‌లోనో మాంచెస్టర్‌లోనో ఉండే మనవాళ్ళందరికీ ఆ శనివారం ఒకటి వస్తుంది. ఊరినుంచి అమ్మానాన్న దిగి మూడు వారాలై ఉంటుంది, సిటీ సెంటర్ చూపించేశాం, గుడికి తీసుకెళ్ళాం, లండన్ టికెట్లేమో వచ్చే నెలకి, నాన్న కిటికీ దగ్గర నిలబడి "ఇక్కడ కొండలుంటాయన్నావు కదరా, ఏవీ?" అంటాడు. మనం ఫోన్ తీసి పక్కనే ఉన్న కొండల ప్రాంతం, పీక్ డిస్ట్రిక్ట్ అని కొడతాం, ముందొచ్చే ఫోటో మామ్ టోర్‌ది, కొండ వీపు మీద రాళ్ళు పరిచిన దారి మెలికలు తిరుగుతూ పోతుంటుంది, ఇదే ఇదే పదండి అంటాం. ఇంక వేరే ఆలోచనే రాదు.

మామ్ టోర్ బాగోదని కాదు, బాగుంటుంది. కానీ దాని కింద ఉన్న కాసిల్టన్ అనే ఊరి చుట్టూ అరడజను నడకలున్నాయి, అన్నిటికీ ఈజీ అనే పేరే, చాలావరకు రెండు మూడు మైళ్ళే, అందులో ఒకటి మా నాన్నకి నిజంగానే నల్లేరు మీద బండి నడకలా సాగింది, ఇంకోదానిలో తల ప్రాణం తోకకొచ్చింది. రెండిట్లో చిన్నది ఏదంటే ఆ ప్రాణం మీదకి తెచ్చిందే. ఒక మైలు కూడా లేదు!

అది కేవ్ డేల్. ముందురోజు రాత్రి వాన పడింది, పొద్దున్నే ఎండ కాసింది, నేను బుద్ధిగా మ్యాప్‌లో దూరం చూసి "మైలు లోపే, పైనుంచి కిందకి దిగడమే నాన్నా" అన్నాను. సున్నపురాయి లోయ అది, దారిలో రాళ్ళు ఏళ్ళ తరబడి జనం తొక్కీ తొక్కీ పాత గుడి గడప లాగా నున్నగా మెరుస్తుంటాయి, దానిమీద తడి. రెండో నిమిషంలోనే నాన్న కాలు జారి నా భుజం పట్టుకున్నాడు, ఆ తర్వాత ఇంక వదల్లేదు, అమ్మ అయితే రెండుచోట్ల కూర్చుని జరుక్కుంటూ దిగింది. గంటా పావు పట్టింది. కింద ఊళ్ళోకి వచ్చాక అమ్మ చీర అంచు చూసుకుని ఏమీ అనలేదు, ఆ ఏమీ అనకపోవడమే ఎక్కువ అనిపించింది. తర్వాతి వారం హోప్ అనే పక్కూరి వైపు పొలాల్లో నడిస్తే రానూపోనూ మూడు మైళ్ళు దాటింది, అయినా ఇద్దరూ కబుర్లు చెప్పుకుంటూ నడిచారు, ఇంటికొచ్చాక నాన్న "మళ్ళీ ఎప్పుడురా" అన్నాడు.

అప్పట్నుంచి నేను మైళ్ళు చూడటం మానేశాను. కాలి కింద ఏముంటుందో చూస్తాను. కాసిల్టన్‌లో ఈ లెక్క ఇంకా బాగా పనికొస్తుంది, ఎందుకంటే ఆ ఊరు సరిగ్గా రెండు రకాల నేలల అతుకు మీద కూర్చుని ఉంది. ఊరికి దక్షిణం వైపంతా తెల్ల సున్నపురాయి, ఉత్తరం వైపు నల్లటి ఇసుకరాయి, దానికింద పలకలు పలకలుగా ఊడిపోయే మెత్తటి షేల్. అందుకే దక్షిణం వైపుని వైట్ పీక్ అని, ఉత్తరం వైపుని డార్క్ పీక్ అని అంటారు. సున్నపురాయి నీళ్ళకి కరుగుతుంది కాబట్టి ఆ పక్కంతా గుహలు, లోయలు, తడిస్తే జారుడు. షేల్ నీళ్ళకి కదిలిపోతుంది కాబట్టి ఈ పక్కంతా బురద, విరిగిపడే కొండచరియలు. నాన్నది పల్నాడు, దాచేపల్లి పక్క. హోప్ స్టేషన్‌లో దిగంగానే పొలాల అవతల పెద్ద సిమెంట్ ఫ్యాక్టరీ, ఆకాశంలోకి లేచిన పొగగొట్టం కనిపిస్తే, ఇంగ్లండ్ పల్లెటూరు అంటే పూలతోటలు అనుకుని వచ్చిన మనిషి ఒక్కసారి నవ్వేసి "సున్నపురాయి ఉందన్నమాట, ఎక్కడైనా ఇంతే" అన్నాడు. 1929 నుంచి నడుస్తోంది అది. 1951లో బ్రిటన్‌లో మొట్టమొదటి నేషనల్ పార్క్ ఇక్కడ పెట్టేసరికి ఫ్యాక్టరీ ఆల్రెడీ ఉంది, అలా పార్క్ మధ్యలోనే ఉండిపోయింది. కొంతమందికి అది దిష్టిబొమ్మ, నాకైతే అలవాటైపోయింది, ఎటు తిరిగినా ఆ పొగగొట్టం చూసుకుని దిక్కు తెలుసుకోవచ్చు.

సరే, ఒక్కో దారి సంగతి చెప్తా.

ముందు నాకు బాగా నచ్చింది, ఎవరూ పెద్దగా ఫోటోలు పెట్టనిది: హోప్ ఊరినుంచి కాసిల్టన్‌కి పొలాల్లోంచి వెళ్ళే కాలిబాట. మైలున్నర ఉంటుంది, రెండున్నర కిలోమీటర్లు అనుకోండి, హోప్ రైల్వే స్టేషన్ ఊరికి కొంచెం బయట ఉంటుంది కాబట్టి స్టేషన్ నుంచి లెక్కేస్తే రెండు మైళ్ళు దాటుతుంది. దారి పొడుగునా పక్కన పీక్‌షోల్ వాటర్ అని ఒక చిన్న ఏరు వస్తుంటుంది, పేరు పెద్దది గానీ మన పంటకాలవంత ఉంటుంది, నీళ్ళు మాత్రం అడుగు రాళ్ళు లెక్కపెట్టుకునేంత తేట. ఈ ఏరు కాసిల్టన్‌లో గుహలోంచి బయటికొచ్చి హోప్ దగ్గర నో అనే నదిలో కలుస్తుంది. నది పేరే నో, ఉచ్చారణ కూడా నో నే, అమ్మకి ఇది చెప్తే చాలాసేపు నవ్వింది.

ఎత్తు పల్లాలు దాదాపు లేవు. ఒకచోట సిమెంట్ ఫ్యాక్టరీకి వెళ్ళే రైలు పట్టా దాటాలి, అటూ ఇటూ చూసుకుని దాటడమే. కాలి కింద గడ్డి, మట్టి, కొన్నిచోట్ల గులకరాళ్ళు. ఎండాకాలం చాప పరిచినట్టు ఉంటుంది, నవంబర్ నుంచి మార్చి దాకా మాత్రం గేట్ల దగ్గర ఆవులు తొక్కిన బురద మడమ దాకా వస్తుంది. బురదలో కాలు దిగబడుతుందే గానీ జారి పడటం తక్కువ, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి ఇది పెద్ద తేడా. బగ్గీ, అంటే పిల్లల తోపుడుబండి అయితే వద్దు, గేట్ల సందుల్లో ఎత్తి దాటించాల్సి వస్తుంది, పసిపిల్లని ఎదకి కట్టుకునే క్యారియర్ ఉంటే ఓకే.

ఈ దారిలో మా నాన్న నడిచిన దానికంటే ఆగిందే ఎక్కువ. గొర్రెల వీపుల మీద నీలం, ఎర్ర రంగు మరకలుంటాయి, ఎవరి మంద ఎవరిదో గుర్తుపట్టడానికి, "కాపరి ఏడిరా?" అని అడిగాడు, కాపరి ఉండడు నాన్నా, గోడలే కాపరి అన్నాను. అప్పుడు ఆ గోడ దగ్గరికి వెళ్ళి వేళ్ళు పెట్టి చూశాడు. మట్టి లేదు, సిమెంట్ లేదు, ఒక రాయి మీద ఒక రాయి పేర్చడమే, మధ్యలో చిన్న రాళ్ళు కూరడం, పైన నిలువుగా ఒక వరస. "మా తాత చేలో గట్టు ఇట్టాగే కట్టాడు" అని చెప్పి ఒక రాయిని కొంచెం కదిపి చూశాడు, కదల్లేదు. ఇలా ఆగే మనుషులతో వెళ్తే ఇదే రైట్ దారి, ఎక్కడ ఆగినా చల్లగాలికి గడ్డ కట్టం, వెనకాల జనం తోసుకురారు.

ఇంక మామ్ టోర్. 517 మీటర్లు. మామ్ అంటే అమ్మే, టోర్ అంటే గుట్ట, అమ్మ గుట్ట. ముందువైపు కొండ చరియలు విరిగిపడి పడి కింద బోలెడన్ని చిన్న గుట్టలు పుట్టాయి, అందుకని ఆ పేరంటారు. షివరింగ్ మౌంటెన్ అని ఇంకో పేరు, వణికే కొండ. ఇది ఎక్కడానికి రెండు మార్గాలు, ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. పైన మామ్ నిక్ అని నేషనల్ ట్రస్ట్ (ఇలాంటి స్థలాల్ని కాపాడే సంస్థ) వాళ్ళ కార్ పార్క్ ఉంది, అక్కడిదాకా కారులో వెళ్తే మిగిలింది దాదాపు వంద మీటర్ల ఎత్తే, మెట్లు, రాతిపలకలు పరిచిన దారి, నిదానంగా ఎక్కినా అరగంట లోపే. తిరుమల మెట్లు ఎక్కినవాళ్ళకి ఇది లెక్కలోకే రాదు, అలిపిరి దారిలో మూడున్నర వేల మెట్లు, ఇక్కడ దానిలో పిసరంత. రెండో మార్గం కాసిల్టన్ ఊళ్ళోంచి నడిచి ఎక్కడం, అది మూడొందల మీటర్ల పైన ఎత్తు, మొత్తం రౌండ్ కొట్టేసరికి సగం రోజు. ఫోటో ఒకటే, నడకలు మాత్రం రెండు, ఈజీ అని రాసింది మొదటి దాని గురించి, ట్రైన్‌లో వచ్చి హోప్‌లో దిగినవాళ్ళకి ఆ ఈజీ వర్తించదు.

కాలి కింద మాత్రం ఇదే బెస్ట్. షేల్ కొండ కాబట్టి జనం తొక్కుడికి కొట్టుకుపోతుందని రాతిపలకలు పరిచేశారు, వానలో కూడా బురద అంటదు, మెట్లు కొంచెం ఎగుడు దిగుడు. ఇక్కడ సమస్య నేల కాదు, గాలి. కింద ఊళ్ళో ఆకు కదలకపోయినా పైన చున్నీ పట్టుకోవాల్సి వస్తుంది, చీర కట్టుకుని వస్తే అమ్మకి నరకం, ప్యాంటో లెగ్గింగ్సో వేయించండి, చెవులకి టోపీ జులైలో అయినా సరే. ఇంకోటి మబ్బు. పైకెక్కాక ఒకవైపు ఈడేల్ లోయ, దాని వెనక 636 మీటర్ల కిండర్ స్కౌట్, ఇంకోవైపు హోప్ లోయ మొత్తం కనిపిస్తాయి, మబ్బు కమ్మితే మాత్రం మన కాలి వేళ్ళు తప్ప ఏమీ కనిపించవు. ఒకసారి ఫ్రెండ్ వాళ్ళ అత్తమామల్ని తీసుకెళ్తే పావుగంట తెల్లటి పొగలో నిలబడి వచ్చేశాం, "ఊటీలో కూడా ఇంతే నాయనా" అన్నారు పాపం పెద్దాయన, మా మొహాలు చూసి.

పైన గడ్డిలో చుట్టూ కట్టలా కనిపించేది మామూలు మిట్ట కాదు, దాదాపు మూడు వేల ఏళ్ళనాటి కొండకోట గట్టు, లోపల గుడిసెలు వేసుకున్న చోట్లు చిన్న చిన్న చదునుల్లా ఉంటాయి, వందకి పైనే. చాలామంది శిఖరం మీద ట్రిగ్ పాయింట్ అనే సర్వే స్తంభం దగ్గర సెల్ఫీ దిగి ఆ గట్టు మీదే కూర్చుని చిప్స్ తిని దిగిపోతారు, అది గట్టని తెలీకుండానే.

మూడోది నా ఫేవరెట్, కానీ అందరికీ చెప్పను: ఈడేల్‌లో ట్రైన్ దిగి కొండ దాటి కాసిల్టన్‌కి వచ్చి, అక్కడ టీ తాగి, పొలాల దారిన హోప్‌కి నడిచి ట్రైన్ ఎక్కడం. ఈడేల్, హోప్ రెండూ షెఫీల్డ్-మాంచెస్టర్ లైన్‌లో పక్కపక్క స్టేషన్లు కాబట్టి వెనక్కి అదే దారిలో రానక్కర్లేదు. మొత్తం ఐదారు మైళ్ళు. మధ్యలో దాటే కొండ సందుని హాలిన్స్ క్రాస్ అంటారు, మామ్ టోర్‌కీ లూజ్ హిల్‌కీ మధ్యలో శిఖరాల వరసలో బాగా కిందకి దిగిన చోటు. పాతకాలంలో ఈడేల్‌లో చర్చి లేదు, అక్కడ ఎవరైనా పోతే శవపేటికని మోసుకుని ఈ సందు మీదుగానే కాసిల్టన్‌కి తెచ్చేవాళ్ళు, అందుకని దీన్ని శవాల దారి అని కూడా అంటారు. నలుగురు పేటిక మోసుకుని ఎక్కగలిగిన దారి అంటే మనం పులిహోర డబ్బా మోసుకుని ఎక్కలేమా అని నేను ఫ్రెండ్స్‌ని ఎగదోస్తుంటా. ఈ పోలిక అమ్మ దగ్గర మాత్రం ఎత్తలేదు.

సీరియస్‌గా చెప్తే, అరవై దాటినా ఊళ్ళో రోజూ పొద్దున్నే వాకింగ్ చేసే మనిషి అయితే ఇది చేయగలరు, తొందరపెట్టకపోతే. ఎక్కుడు రెండొందల మీటర్ల లోపు, ఒక్కసారే ఉంటుంది, తర్వాత అంతా దిగుడు. మోకాళ్ళు అరిగినవాళ్ళకి ఎక్కుడు కంటే దిగుడే కష్టం అన్నది గుర్తుపెట్టుకోండి, ఇక్కడ కాసిల్టన్ వైపు దిగుడు మట్టి, రాళ్ళు కలిసిన దారి, వానాకాలం కాలవ అయిపోతుంది. ఓపికుంటే హాలిన్స్ క్రాస్ నుంచి శిఖరం మీదే లూజ్ హిల్ దాకా వెళ్ళి హోప్‌లో దిగొచ్చు, లూజ్ హిల్ 476 మీటర్లు. దాని పైభాగాన్ని వార్డ్స్ పీస్ అంటారు. జి.హెచ్.బి. వార్డ్ అని షెఫీల్డ్ ఆయన, 1900లో కార్మికుల కోసం నడక క్లబ్ మొదలుపెట్టాడు, ఆ రోజుల్లో ఈ కొండలన్నీ జమీందార్ల వేట భూములు, కాలు పెడితే తరిమేవాళ్ళు, నడిచే హక్కు కోసం కొట్లాడిన ఆయనకి 1945లో ఈ స్థలం ఇస్తే ఆయన దాన్ని నేషనల్ ట్రస్ట్‌కి అప్పజెప్పాడు. పక్కనే కిండర్ మీదకి 1932 ఏప్రిల్ 24న వందలమంది మూకుమ్మడిగా చొరబడ్డారు, కొంతమంది జైలుకి కూడా పోయారు. మనం ఇవ్వాళ ఎవరి పొలంలోంచో దర్జాగా నడుస్తున్నామంటే దాని వెనక ఇదంతా ఉంది.

నాలుగోది విరిగిపోయిన రోడ్డు. ఇది పిల్లలకి చూపించాల్సిందే, ఎనిమిదేళ్ళు దాటిన పిల్లలకైతే మామ్ టోర్ కంటే ఇదే నచ్చుతుంది, మాకు తెలిసిన ముగ్గురు పిల్లల విషయంలో అలాగే అయింది. 1800ల మొదట్లో మామ్ టోర్ కింద కదిలే నేల మీదుగా ఒక రోడ్డు వేశారు, కొండ ఊరుకుంటుందా, ప్రతి పెద్ద వానకీ రోడ్డు జారేది, వీళ్ళు మళ్ళీ వేసేవాళ్ళు, అది మళ్ళీ జారేది. ఎ625 అని మెయిన్ రోడ్డు అది, లారీలు తిరిగేవి! చివరికి 1979లో ఇంక మావల్ల కాదని మూసేశారు. ఇప్పుడు అక్కడ నడిస్తే తారు మీద తారు పొరలు మా అమ్మ చేసే మడత కాజా లాగా తెగి కనిపిస్తాయి, నడి రోడ్డులో మనిషి దిగేంత అంచులు, అక్కడక్కడా పాత తెల్ల గీత ఇంకా ఉంటుంది, ఉన్నట్టుండి సగం రోడ్డు కిందకి దిగిపోయి ఉంటుంది. మా ఇంటిపక్క పిల్లాడు ఆ గీత మీద ఒక్కో అడుగూ వేసుకుంటూ వెళ్ళి అది తెగిన చోట ఆగి, కిందకి చూసి, "అంకుల్, మిగతాది అక్కడుంది" అని ఆరడుగుల కింద చూపించాడు.

ఊళ్ళోంచి నడిస్తే మైలు పైన తారురోడ్డు పక్కనే, దారిలో ఓడిన్ మైన్ అని పాత సీసం గని, ఖనిజాన్ని నలగ్గొట్టిన పెద్ద రాతి చక్రం ఇంకా అక్కడే ఉంటుంది, గానుగ తెలిసినవాళ్ళకి చూడంగానే అర్థమైపోతుంది. గని బోర్డు దాటాక రోడ్డు విరగడం మొదలు. కాలి కింద తారే కాబట్టి వానలో కూడా పెద్దగా జారదు, ఒకటి రెండు చోట్ల చేతులు పట్టుకుని దింపాలి. బగ్గీతో విరిగిన చోటు దాకా వెళ్ళి చూసి వెనక్కి రావచ్చు. పెద్దవాళ్ళకి ఆ ఒకటి రెండు అంచులే ఇబ్బంది, మా నాన్న అక్కడ ఆగి "గవర్నమెంటోళ్ళు ఎక్కడైనా గవర్నమెంటోళ్ళే, నూటయాభై ఏళ్ళు వేసిన చోటే వేశారు" అన్నాడు.

కేవ్ డేల్ సంగతి పైన చెప్పాను, న్యాయంగా ఇంకో మాట చెప్పాలి. వారం రోజులు వాన లేకపోతే, కిందనుంచి పైకి ఎక్కితే, అది అద్భుతమైన చోటు. మార్కెట్ ప్లేస్ వెనక ఇళ్ళ మధ్యలోంచి ఒక సన్న సందులో దూరితే అటు కొండగోడ ఇటు కొండగోడ, కుడివైపు తలెత్తితే పైన పెవెరిల్ కోట, రెండో హెన్రీ రాజు 1176లో కట్టించిన బురుజు. లైమ్‌స్టోన్ వే అనే 46 మైళ్ళ కాలిబాట ఈ సందులోనే మొదలవుతుంది. జారేది దిగేటప్పుడే కాబట్టి మొదటి పావు మైలు వెళ్ళి, కోట చూసి, రాయి మెరవడం మొదలైన చోట వెనక్కి తిరగండి, చాలు. వాన పడిందా, అసలు వద్దు.

విన్నట్స్ పాస్ గురించి అందరూ అడుగుతారు కాబట్టి చెప్తున్నా, అది కారులోంచి చూడాల్సిందే గానీ నడవాల్సింది కాదు. ఆ విరిగిన రోడ్డు మూసేశాక కార్లన్నీ ఈ ఇరుకు కనుమలోంచే పోతాయి, వాలు బాగా ఎక్కువ, పక్కన గడ్డిలో నడవొచ్చు కానీ అమ్మానాన్నతో వద్దు.

బగ్గీతో వచ్చినవాళ్ళకి, అసలు నడవలేని పెద్దవాళ్ళకి ఊళ్ళోనే ఒక పది నిమిషాల నడక ఉంది, ఏటి పక్కన పాత ఇళ్ళ మధ్య సందులోంచి పీక్ కావర్న్ గుహ నోటిదాకా. లోపలికి టికెట్, బయట్నుంచి చూడ్డానికే నోరు తెరుచుకుపోతుంది, బ్రిటన్‌లో ఇంతకంటే పెద్ద సహజమైన గుహ ముఖద్వారం లేదు. నాలుగొందల ఏళ్ళు ఆ గుహ నోట్లోనే ఇళ్ళు కట్టుకుని మోకులు పేనేవాళ్ళు, వాళ్ళ పొయ్యిల మసి పైకప్పుకి ఇంకా ఉంది. ఈ గుహకి ఇంకో పేరు కూడా ఉంది, బోర్డు మీద పెద్ద అక్షరాల్తో రాసి పెట్టారు, దయ్యం పిర్ర అని తెలుగులో చెప్పుకోవాలి, వరద నీళ్ళు లోపల్నుంచి తీసేటప్పుడు వచ్చే శబ్దం వల్లనట. "ఏం రాశార్రా అక్కడ?" అని నాన్న అడిగితే "గుహ నాన్నా" అని ముందుకు నడిచాను.

వెళ్ళడం ఎలా అంటే ఒక జాగ్రత్త. ట్రైన్ టికెట్ కొనేటప్పుడు కాసిల్టన్ అని కొట్టకండి! ఆ పేరుతో స్టేషన్ ఒకటి నిజంగానే ఉంది, కానీ అది రాచ్‌డేల్ దగ్గర, దీనికీ దానికీ సంబంధం లేదు, మనవాళ్ళు ఒక జంట అక్కడ దిగి కొండల కోసం వెతికారు. మీకు కావాల్సింది హోప్, అదీ డెర్బీషైర్ హోప్, లేదంటే ఈడేల్. షెఫీల్డ్ నుంచి అరగంట, మాంచెస్టర్ నుంచి గంట లోపు. ట్రైన్లు తరచుగా ఉండవు, వెళ్ళేముందే రిటర్న్ టైమ్ చూసుకుని ఫోన్‌లో స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, లోయలో సిగ్నల్ పోతుంటుంది. కారులో అయితే ఎండ కాసిన వీకెండ్ పదింటికల్లా చేరాలి, ఊళ్ళోని మెయిన్ పార్కింగూ పైన మామ్ నిక్కూ రెండూ నిండిపోతాయి, రోడ్డు పక్కన గడ్డిలో పెట్టేస్తే ఫైన్ పడుతుంది. టాయిలెట్లు ఊళ్ళో ఆ మెయిన్ పార్కింగ్ దగ్గర ఉంటాయి, కొండ దారుల్లో ఉండవు, పెద్దవాళ్ళతో ఇది ముందే చూసుకోవాలి.

సీజన్ విషయానికొస్తే మే, జూన్ నెలలు నా ఓటు, రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుతురు. మే 29న అయితే ఊళ్ళో గార్లండ్ డే, గుర్రం మీద ఒక మనిషి నడుం దాకా కప్పేసేలా తేనెతుట్టె ఆకారంలో పూలు కట్టిన బుట్ట బోర్లిస్తారు, బాజాలతో ఊరంతా తిప్పి చివర్లో ఆ పూలబుట్టని చర్చి గోపురం మీదకి లాగుతారు. వీడియో చూపిస్తే అమ్మ "బతుకమ్మని మనిషికే తొడిగారేంటి" అంది. డిసెంబర్‌లో సాయంత్రం నాలుక్కల్లా చీకటి, మధ్యాహ్నం రెండింటికి నడక మొదలుపెట్టే మన అలవాటు ఆ నెల కుదరదు. ఏప్రిల్‌లో గొర్రెపిల్లలు, చాలా ముద్దుగా ఉంటాయి, దగ్గరికెళ్ళి ఫోటో తీద్దామని తల్లినీ పిల్లనీ విడదీయకండి. దూడలున్న ఆవుల మంద అడ్డం వస్తే చుట్టూ తిరిగి పోండి, మన ఊరి ఆవు లాగా నుదురు నిమరబోవద్దు. గేటు మూసి ఉంటే దాటాక మూయండి, తెరిచి ఉంటే తెరిచే వదిలేయండి. స్తంభాల మీద పసుపు బాణం ఉంటే నడిచేవాళ్ళ దారి, నీలం బాణం అయితే గుర్రాలు, సైకిళ్ళు కూడా వస్తాయి.

బూట్లకి మాత్రం డబ్బు పెట్టండి. అమ్మానాన్న ఊరినుంచి తెచ్చుకున్న నున్నటి అడుగు షూస్‌తో పొలాల్లో పర్లేదు, కొండ మీద వద్దు, డెకాత్లాన్‌లో కాస్త గళ్ళ అడుగు ఉన్నవి తక్కువలోనే దొరుకుతాయి, రెండు చేతికర్రలు కూడా తీసుకోండి, మొదట్లో "ముసలోడినా నేను" అన్న మా నాన్నే ఇప్పుడు హైదరాబాద్‌లో పార్క్‌కి కూడా అవి తీసుకెళ్తున్నాడట.

నేను ఇప్పుడు ఎవర్ని తీసుకెళ్ళినా ఇంట్లో ఏదీ ఖాయం చేయను. హోప్‌లో దిగి పొలాల దారిన కాసిల్టన్ దాకా ఎలాగూ నడుస్తాం, ఆ మైలున్నరలో ఎవరి మోకాలు ఎలా ఉందో, ఎవరు ఎంత ఆగుతున్నారో నాకు తెలిసిపోతుంది. ఊళ్ళోకి రాగానే పడమర మామ్ టోర్ కనిపిస్తుంది. తల మీద మబ్బు లేక, కాళ్ళలో ఓపిక ఉంటే హాలిన్స్ క్రాస్, మబ్బుంటే విరిగిన రోడ్డు, రెండూ వద్దంటే గుహ దాకా పది నిమిషాలు నడిచి, కేఫ్‌లో టీ స్కోన్‌లు తీసుకుని, ఏటి పక్క బెంచీ దొరికితే బ్యాగ్‌లోంచి పులిహోర తీయడం. పోయిన నెల ఆ మూడోదే చేశాం, నాలుగింటి ట్రైన్‌కి హోప్‌లో ఉన్నాం.